అదో రకం మనిషి

"ఆవిడా? ఆవిడ అదో రకం లెండి!"

మన ఆడవాళ్ళం నలుగురం ఒకచోట చేరామంటే ఈ మాట రాకుండా వుండదు. ఎదురింటి పిన్నిగారు తలుపుకు రెండు గొళ్ళేలు బిగించుకుని, పాలల్లో నీళ్ళు కలిపింది పాలబ్బాయా, వాళ్ళమ్మా అని రోజూ ఆరా తీస్తారు. అదో రకం. వియ్యపురాలుగారు పెళ్ళిలో తనకు పెట్టిన చీర అంచు సంగతి పదిహేనేళ్ళయినా మరచిపోరు. అదో రకం. తోడికోడలు పొద్దున మనల్ని నెత్తిన పెట్టుకుంటుంది, సాయంత్రానికి నేలకేసి కొడుతుంది. అదీ అదో రకమే. రకం అంటాం గానీ ఏ రకమో మనమూ చెప్పం, విన్నవాళ్ళూ అడగరు.

డాక్టర్లు మాత్రం అడిగారు. అడిగి, దీనికి పర్సనాలిటీ డిజార్డర్ అని పేరు పెట్టారు. వ్యక్తిత్వ లోపమని కొందరూ, వ్యక్తిత్వ రుగ్మత అని కొందరూ తెలుగు చేశారు. జ్వరమో, దిగులో అయితే ఫలానా రోజు వచ్చింది, ఫలానా మందుతో తగ్గింది అని చెప్పుకోవచ్చు. ఇది అట్లా కాదు. వయసు వచ్చేనాటికే మనిషిలో స్థిరపడి, ఇంట్లోనూ ఆఫీసులోనూ చుట్టాల దగ్గరా ఒకే తీరున బయటపడుతూ, ఏళ్ళ తరబడి నడిచేది. దానివల్ల తాను బాధపడటమో, చుట్టూ వున్నవాళ్ళను బాధపెట్టడమో, రెండూనో వుండాలి. ఆ బాధ లేకపోతే అది ఉత్త స్వభావం, డాక్టరుకు దానితో పనిలేదు. చాదస్తం వేరు, రుగ్మత వేరు.

ఈ రకాల చరిత్ర చెప్పాలంటే పారిస్ నుంచి మొదలుపెట్టడం ఆనవాయితీ. నేను అమరావతి నుంచి మొదలుపెడతాను. పారిస్ కూడా వస్తుంది లెండి, దాని వంతు వచ్చినప్పుడు.

రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారిని కృష్ణకు ఇటూ అటూ వున్నవాళ్ళకు కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. చింతపల్లిలో వుండే జమీందారు 18వ శతాబ్దం చివర్లో తన మకాం అమరావతికి మార్చి, అమరేశ్వరుడి నీడన ఊరు కట్టించాడు. మంగళగిరిలో మనం మెడ నొప్పెట్టేలా తలెత్తి చూసే గాలిగోపురం ఆయన కట్టించిందే. 1807లో మొదలై 1809కి పూర్తయింది. పదకొండు అంతస్తులు, 153 అడుగులు. బంగారంతో తులాభారం తూగాడంటారు. ఊరు కట్టడానికి రాళ్ళు కావలసి దీపాలదిన్నె అనే మట్టిదిబ్బను తవ్విస్తే అందులోంచి చెక్కడపు పాలరాళ్ళు బయటపడ్డాయి. అదే అమరావతి మహాస్తూపం. ఆ కబురు తెలిసే కల్నల్ కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. అప్పటికే కొన్ని రాళ్ళు ఊళ్ళో కట్టడాల్లోకి ఎక్కేశాయి.

ఇంత దానశీలి పేరు చెప్పగానే మా జిల్లాల్లో పెద్దవాళ్ళు గొంతు తగ్గించి చెప్పే కథ ఇంకొకటి వుంది. జమీలో చెంచులు ఊళ్ళమీద పడి దోచుకుంటున్నారని ఫిర్యాదులు వచ్చాయట. నాయుడుగారు వాళ్ళను విందుకు పిలిచాడు. వచ్చినవాళ్ళను వచ్చినట్టే పట్టి తలలు నరికించాడు. నూటయాభై మందని కొందరు, ఆరు వందలని కొందరు. అమరావతి దగ్గరి నరుకుళ్ళపాడుకు ఆ పేరు అందువల్లనే వచ్చిందని చెప్పుకుంటారు. తరవాత ఆయన భోజనానికి కూర్చుంటే కంచంలో అన్నం పురుగులై కనపడేదట. ముద్ద నోటిదాకా వెళ్ళేది కాదు. ఆ బాధ భరించలేకే అమరేశ్వరుడి కాళ్ళమీద పడ్డాడనీ, జమీ రాబడంతా గుళ్ళకూ గోపురాలకూ ధారపోశాడనీ కథ. 1883లో గోర్డన్ మెకంజీ అనే కలెక్టరాఫీసు దొర రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్లోకి కూడా ఇది ఎక్కింది. (ఈ మెకంజీ వేరు, దిబ్బ చూసిన మెకంజీ వేరు.)

కథలో అన్నం పురుగులవడం నిజమా, కల్పనా అని నేను వాదించబోవడం లేదు. చెప్పుకున్నవాళ్ళ మనసు ఏమిటో చూడండి. చేసినది ఎంతటి దారుణమో వాళ్ళకు తెలుసు. విందుకు పిలిచి చంపడమంటే అన్నానికే ద్రోహం. అందుకని శిక్ష కూడా అన్నంలోనే పడింది. ఏ కోర్టూ విచారించని మనిషిని సొంత కంచమే విచారించింది.

ఈ కాలపు పిల్లలకు ఈ కథ చెబితే ఠక్కున "సైకోపాత్" అంటారు, సినిమాలు చూసి. ఆ మాట ఆయనకు అతకదు. ఒకటి, చనిపోయిన మనిషికి, పైగా కథల్లో తప్ప మనకు తెలియని మనిషికి, జబ్బు పేరు పెట్టడం డాక్టర్లే తప్పంటారు. రెండు, ఒక్క పనిని బట్టి వ్యక్తిత్వం తేల్చరు, ఎంత ఘోరమైనా సరే. మూడోదే అసలు సంగతి. డాక్టర్లు సంఘవ్యతిరేక వ్యక్తిత్వం అని చెప్పే రకానికి ముఖ్య లక్షణాల్లో ఒకటి పశ్చాత్తాపం లేకపోవడం. ఈ కథ నిలబడిందే పశ్చాత్తాపం మీద.

అయినా కథలో రకం కట్టిన మనిషి ఒకడున్నాడు, ఆయనే. చెంచులంటే దొంగలు, అంతే. దోచినవాడెవడు, దోచనివాడెవడు అని చూడలేదు. ఆ పని తరవాత సర్కారు కూడా చేసింది, కత్తితో కాదు, కాగితంతో. 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చి, కొన్ని కులాలవాళ్ళు పుట్టుకతోనే నేరస్థులని రాసిపెట్టారు. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. బాపట్ల దగ్గర స్టువార్టుపురం అట్లా ఎరుకలవాళ్ళ కోసం సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్మెంటే. పొద్దునా సాయంత్రం హాజరు పలకాలి. చట్టం 1952లో రద్దయింది గానీ ఆ ఊరి పేరు చెబితే ఉలిక్కిపడే అలవాటు మనవాళ్ళకు ఆ తరవాత చాలాకాలం పోలేదు.

మనుషులను రకాలుగా విడదీయడమే పాపమా మరి? కాదనే చెప్పాలి. ఎందుకంటే నాయుడుగారు తవ్వించిన ఆ దిబ్బలోని మతమే మనుషులను ఎంతో నేర్పుగా రకాలు కట్టింది, వేరే ఉద్దేశంతో.

ఆ స్తూపం రాళ్ళలో చాలా భాగం ఇప్పుడు చెన్నై మ్యూజియంలోనూ, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ వున్నాయి. చెన్నైలో వున్న ఒక గుండ్రటి పలక చూసితీరాలి. నలగిరి అనే ఏనుగుకు దేవదత్తుడు కల్లు పట్టించి రాజగృహం వీధిలోకి బుద్ధుడి మీదికి వదిలించాడు. పలకలో ఒక పక్క ఏనుగు మనుషుల్ని తొక్కేస్తూ వస్తోంది. జనం చెల్లాచెదురవుతున్నారు, మేడల మీది ఆడవాళ్ళు బిత్తరపోయి చూస్తున్నారు. అదే పలకలో ఇంకో పక్క అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లి వుంది. ఏనుగులు రెండు కావు, ఒక్కటే. దాన్ని లొంగదీసింది అంకుశం కాదు, మైత్రి అంటుంది కథ.

ఇది శిల్పి చెప్పిన మాట. పుస్తకంలో చెప్పినవాడు బుద్ధఘోషుడు. 5వ శతాబ్దంలో సింహళం వెళ్ళి, అనురాధపురంలో కూర్చుని పాళీ భాషలో 'విశుద్ధిమగ్గ' రాశాడు. ఆయనది ఉత్తరదేశమని సింహళ చరిత్రలు చెబుతాయి. ఆ పుస్తకం చివర మాత్రం ఆయనది 'మోరండఖేటకం' అని వుంది. మోర అంటే నెమలి, అండం అంటే గుడ్డు. దాన్ని పట్టుకుని, అది మన పల్నాటి వైపు కోటనెమలిపురి, గుండ్లపల్లి ప్రాంతమేనని వాదించిన పండితులున్నారు. అందరూ ఒప్పుకోలేదు. నాకు మాత్రం ఆయన చీపురు సంగతి చదివాక మనవాడే అయివుంటాడనిపిస్తుంది. ఇది సాక్ష్యం కాదు సుమండీ, ఆశ.

చీపురు ఏమిటంటారా? చెబుతాను.

ధ్యానం నేర్చుకోవడానికి వచ్చిన మనుషులు ఆరు రకాలన్నాడాయన. రాగచరితుడు, ద్వేషచరితుడు, మోహచరితుడు, శ్రద్ధాచరితుడు, బుద్ధిచరితుడు, వితర్కచరితుడు. ఎవరు ఏ రకమో గురువు ఎట్లా కనిపెట్టాలి? నడక చూడాలి, వాకిలి ఊడ్చడం చూడాలి, అన్నం తినడం చూడాలి. రాగచరితుడు చీపురు పొందికగా పట్టుకుని, తొందర లేకుండా, వావిలిపూలు పరిచినట్టు ఇసుకను సమంగా సర్దుతూ ఊడుస్తాడు. ద్వేషచరితుడు చీపురు గట్టిగా బిగించి పట్టుకుని, ఇసుక అటూ ఇటూ ఎగిరేటట్టు, బరబరా చప్పుడు చేస్తూ ఊడుస్తాడు. మోహచరితుడి చేతిలో చీపురు వదులుగా వేళ్ళాడుతుంది. ఊడ్చిన చోటే ఊడుస్తాడు, చెత్త అక్కడే వుంటుంది. భోజనం దగ్గరా అంతే. మొదటివాడికి తియ్యగా, కమ్మగా వుండాలి. గుండ్రంగా ముద్ద చేసుకుని రుచి చూస్తూ తింటాడు. రెండోవాడికి పులుపూ, మోటు తిండీ ఇష్టం. నోటినిండా కుక్కుకుని గబగబా తింటాడు. మూడోవాడికి ఇదని లేదు. ముద్ద సరిగా అవదు, మెతుకులు కిందా మూతికీ అంటుకుంటాయి, ధ్యాస మరెక్కడో. పనిమనిషి ఊడుస్తున్నప్పుడు మనం గుమ్మంలో నిలబడి చూసేది ఇదే గదా!

ఇక్కడితో ఆగితే ఇదీ పేరంటం కబుర్లలో చేరేదే. బుద్ధఘోషుడు ఆగలేదు. రకం తెలుసుకున్నది మందు ఇవ్వడానికి. రాగచరితుడికి బూజు పట్టిన పాత గది ఇవ్వాలన్నాడు. ద్వేషచరితుడికి మాత్రం నీడా నీళ్ళూ వున్న చక్కటి చోటు ఇవ్వాలట! మనమైతే కోపిష్టివాణ్ణి కొట్టాంలో పడేస్తాం. కోపిష్టికి బాగా చూసుకునే చోటు కావాలని పదిహేను వందల ఏళ్ళ కిందట ఆ సన్యాసికి తోచింది. ధ్యానంలో అతనికి మైత్రి, కరుణ. ఆలోచనలు తెగక తిరిగే వితర్కచరితుడికి ఊపిరిమీద ధ్యాస. పైగా ఈ ఆరింటినీ జంటలు కట్టాడు. రాగం మంచివైపు తిరిగితే శ్రద్ధ అవుతుంది. లోకంలో తప్పులు వెదికే ద్వేషం మంచివైపు తిరిగితే బుద్ధి అవుతుంది, తప్పు పట్టే కన్నే గదా విమర్శించే కన్ను! నలగిరి రెండు ఏనుగులు కాదన్నది ఇదే.

చివర ఒక మాటన్నాడు, దానికి ఆయన్ని మెచ్చుకోవాలి. ఈ గుర్తులు అట్టకథల్లోగాని మూలగ్రంథాల్లోగాని పూర్తిగా లేవు, ఆచార్యుల అభిప్రాయం మాత్రమే, వీటినే ప్రమాణమనుకోవద్దు, అని.

ఇప్పుడు పారిస్ వెళదాం. అక్కడ నాయుడుగారి కాలంలోనే, 1801లో, ఫిలిప్ పినెల్ అనే డాక్టరు ఒక పుస్తకం వేశాడు. పిచ్చివాళ్ళ గొలుసులు విప్పించాడని పేరుపడ్డ మనిషి. తెలివి చెక్కుచెదరకుండా, భ్రమలేమీ లేకుండా, ఉద్రేకం ఒక్కటే చెయిదాటిపోయేవాళ్ళున్నారని ఆయన గమనించాడు. ఒక ఉదాహరణ రాశాడు. గారాబం చేసిన తల్లికి ఒక్కగానొక్క కొడుకు, పెద్ద జమీకి వారసుడు. ఎదురు తిరిగిన కుక్కనైనా గుర్రాన్నైనా అక్కడికక్కడే చంపేస్తాడు. కోపం లేనప్పుడు ఎస్టేటు చక్కగా చూసుకుంటాడు, దానధర్మాలు కూడా చేస్తాడు. ఒకనాడు తనను తిట్టిన ఆడమనిషిని ఎత్తి బావిలో పడేశాడు. ఆ దెబ్బతో బీసెత్ర్ ఆసుపత్రిలో పెట్టి తాళం వేశారు. చదువుతుంటే నాకు కృష్ణ ఒడ్డు గుర్తుకొచ్చింది. అక్కడ తాళం వేసేవాళ్ళున్నారు, ఇక్కడ లేరు.

ఆ తరవాత 1835లో ఇంగ్లండులో ప్రిచర్డ్ దీన్ని 'నైతిక పిచ్చి' అన్నాడు. జబ్బు పేరా, తిట్టా తెలియని పేరు. 1923లో జర్మనీలో కుర్ట్ ష్నైడర్ పది రకాలు కట్టి, అసహజమైన ప్రతివాడూ రోగి కాదు, దానివల్ల తాను బాధపడాలి లేదా సమాజం బాధపడాలి అన్నాడు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం డి.ఎస్.ఎం. అనే తమ పుస్తకం మూడో ముద్రణలో వీటికి విడిగా చోటిచ్చి, మూడు గుంపులు చేసింది. ఇప్పటి లెక్క పది.

మొదటి గుంపు ఎడంగా వుండేవాళ్ళు. ప్రతి మాటలోనూ కుట్ర చూసే అనుమానపు మనిషి, ఎవరూ అక్కర్లేని ఒంటరి, వింత నమ్మకాల్లో బతికేవాడు. తుమ్మితే ఆగేవాళ్ళనూ, పిల్లి ఎదురైతే వెనక్కి వచ్చేవాళ్ళనూ ఇందులో వేస్తే మన జిల్లాల్లో బయట ఎవరూ మిగలరు. అందుకే పుట్టిపెరిగిన చోట మామూలైన నమ్మకాలను లక్షణంగా తీసుకోకూడదని ఆ పుస్తకంలోనే రాశారు.

రెండో గుంపే నవలల్లోకి ఎక్కే గుంపు. నలుగురి కళ్ళూ తనమీదే వుండాలనేవారు, తనంతటివాడు లేడనుకునేవాడు, ఎదుటివాడి హక్కు అంటే లెక్కలేని సంఘవ్యతిరేకి, ఆపైన బోర్డర్‌లైన్ అనే రకం. ఈ చివరిదాని గురించి కాస్త చెప్పాలి. వదిలేసి వెళ్ళిపోతారేమోనన్న భయం ఈ మనిషిని తినేస్తుంది. నిన్న దేవత అన్నవాళ్ళను ఇవాళ రాక్షసి అంటుంది. చెయ్యి కోసుకుంటుంది, చస్తానంటుంది. ఇంట్లోవాళ్ళు "నాటకాలు" అంటారు. నాటకం కాదు. ఈ రకంలో ఆత్మహత్య ప్రమాదం నిజంగా ఎక్కువ. చర్మం లేని ఒంటికి గాలి తగిలినా మంటే గదా, అట్లాంటి మనసు.

మూడో గుంపు భయస్థులు. ఎవరేమనుకుంటారోనని నలుగురిలోకి రాలేనివారు, ఒకరి ఆసరా లేకుండా అడుగు వెయ్యలేనివారు, గిన్నె అంగుళం జరిగితే ఓర్వలేని పద్ధతి మనుషులు. ఈ పద్ధతి మనిషికీ, చెయ్యి పదేపదే కడుక్కోకుండా వుండలేని ఓ.సి.డి. రోగికీ తేడా వుంది. రోగికి తన పని తనకే చిరాకు. పద్ధతి మనిషికి తానే కరెక్టు, ఇంటిల్లిపాదీ తప్పు!

ఆసరా లేక అడుగు వెయ్యలేకపోవడం దగ్గర నేను ఆగిపోయాను. "ఆయన్నడిగి చెబుతాను" అనడం నేర్పి పెంచిన పిల్ల ముప్ఫయ్యేళ్ళు వచ్చాక ఆయన్ని అడగందే కూర కూడా కొనకపోతే అది రోగమా, పెంపకమా? ఈ అనుమానం నా ఒక్కదానిదే కాదు. ఏడ్చి గోలచేస్తే ఒక పేరు ఆడవాళ్ళకూ, కొట్టి గోలచేస్తే మరో పేరు మగవాళ్ళకూ తేలిగ్గా అంటగడుతున్నారని వైద్యుల్లోనే వాదోపవాదాలు జరిగాయి. ఒకే మనిషికి మూడు రకాలూ సరిపోవడం, ఒకే రకం ఇద్దరిలో ఏమాత్రం పోలిక లేకపోవడం కూడా వాళ్ళు గమనిస్తూనే వున్నారు.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్ద పనే చేసింది. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన తన జబ్బుల జాబితా 11వ కూర్పులో ఈ రకాలను దాదాపు అన్నింటినీ కొట్టేసింది. బోర్డర్‌లైన్ ఒక్కదాన్ని గుర్తుగా వుంచింది. ఇప్పుడు డాక్టరు చూడవలసింది ఏ రకం అని కాదు, ఎంత అని. కొద్దిగానా, మధ్యస్థంగానా, తీవ్రంగానా? బతుకు ఎంత చెడింది, సంబంధాలు ఎంత చెడ్డాయి? ఆపైన స్వభావం ఏ పక్కకు మొగ్గుతోందో రాసుకోవచ్చు. ఆచార్యుల అభిప్రాయమే, ప్రమాణం కాదన్న బుద్ధఘోషుడికి ఇది నచ్చేది.

ఇదంతా పండితుల గొడవ, మనకెందుకు అనుకోకండి. హిందూ వివాహ చట్టంలో 1976 సవరణతో విడాకులకు మానసిక రుగ్మత కారణంగా చూపేచోట 'సైకోపతిక్' రుగ్మత అనే మాట కూడా చేరింది. అంటే అదో రకం అన్న మాట వంటింట్లోంచి కోర్టుకెక్కగలదు. అయితే అదే చట్టం, కలిసి కాపురం చెయ్యలేనంత మేరకు వుండాలి అని కూడా అంటుంది. 1988లో సుప్రీంకోర్టు స్కిజోఫ్రీనియా కేసు ఒకదానిలో, అది వ్యక్తిత్వ రుగ్మత కాదు, వేరే జబ్బు, అయినా న్యాయం ఒకటే, జబ్బు పేరు చెబితే చాలదు, తీవ్రత ఎంతో రుజువు కావాలంది. 2013లో మన రాష్ట్రం నుంచే వెళ్ళిన ఒక భర్త కేసులో ఆ మాటే మళ్ళీ చెప్పి విడాకులు నిరాకరించింది. ఏ రకం అని కాదు, ఎంత అని. డాక్టర్ల కంటే జడ్జీలు ముందున్నారు ఈ ఒక్క విషయంలో!

ఇహ బాగవుతుందా అంటారేమో. పుట్టుబుద్ధి పుడకలతోగానీ పోదని మనకో సామెత వుంది. అది పూర్తిగా నిజం కాదని చూపినవాళ్ళలో మార్షా లినెహాన్ ఒకరు. అమెరికాలో సైకాలజిస్టు. చస్తానని చేతులు కోసుకునేవాళ్ళ కోసం 1993లో ఒక చికిత్స పుస్తకం రాశారు. ఉద్రేకం వచ్చినప్పుడు దాన్ని గమనించడం, ఊపిరి మీద ధ్యాస నిలపడం అందులో ముఖ్యమైన పాఠం. ఆమె దాన్ని జెన్ బౌద్ధుల దగ్గర నేర్చుకున్నారు. 2011లో ఆమె ఒక సభలో తన కథ చెప్పారు. పదిహేడేళ్ళప్పుడు, 1961లో, తననూ ఇటువంటి స్థితిలోనే ఆసుపత్రిలో పెట్టి తాళం వేశారట. ఊపిరి మీద ధ్యాస ఎన్ని దేశాలు తిరిగి ఆసుపత్రికి చేరిందో చూడండి.

మాట్లాడి చేసే చికిత్సే దీనికి ముఖ్యం. మందులు పక్కనున్న దిగులుకో, ఆందోళనకో ఇస్తారు. నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్ళు. వయసు మీదపడ్డకొద్దీ చాలామందిలో ఉద్రేకం కొంత తనంతట తానే చల్లబడుతుంది. ఎవరిని అడగాలో తెలియకపోతే 2022లో కేంద్రప్రభుత్వం పెట్టిన టెలిమానస్ నంబరు 14416 వుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

చిక్కల్లా ఏమిటంటే, వెళ్ళవలసిన మనిషి సాధారణంగా "నాకేం జబ్బు? మీకే!" అంటాడు. అన్నం పురుగులై కనపడేది అందరికీ కాదు గదా. అందుకని ఆ ఇంట్లోంచి డాక్టరు దగ్గరకు ముందుగా వెళ్ళేది చాలాసార్లు ఇల్లాలే, తనకు నిద్ర పట్టడం లేదని చెప్పుకోవడానికి. మంచి డాక్టరైతే నిద్రమాత్ర రాసే ముందు ఇంట్లో ఎవరెవరుంటారని అడుగుతాడు.